సత్యరాజును సృష్టించిన పంతులు

తెలుగు నవల నడక నేర్చిన తొలినాళ్లలోనే, లేని దేశాన్ని ఉన్నట్లుగా వర్ణించి, ఉన్న దేశంలోని అన్యాయాన్ని పరిహసించిన గ్రంథం ఒకటి వెలువడింది. దాని పేరు ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’. మొదటి భాగం 1891లోను, రెండవ భాగం 1894లోను వెలువడ్డాయి. రచయిత కందుకూరి వీరేశలింగం పంతులు. పాఠ్యపుస్తకాలలో ఆయనను వితంతు వివాహాలు జరిపించిన సంఘసంస్కర్తగా చదువుకొంటాము. ఆ కీర్తి ఆయనకు న్యాయంగా దక్కినదే. అయితే అధికారం చేతిలో ఉన్నవారిని కథలో నిలబెట్టి నవ్వులపాలు చేసిన రచయితగా ఆయనను తలచుకొనేవారు తక్కువ. పత్రికలో నిజాన్ని నిజంగానే వ్రాసిన మనిషి, కొంతకాలానికి అదే నిజాన్ని కల్పనలో పొదిగి చెప్పవలసిన అవసరాన్ని ఎట్లా గుర్తించాడన్నదే ఆయన సాహిత్య జీవితంలో ఆసక్తి గొలిపే విషయం.

వీరేశలింగంగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరంలో సుబ్బారాయుడు, పూర్ణమ్మ దంపతులకు జన్మించారు. పూర్వీకులది కందుకూరు. అదే ఇంటిపేరయింది. నాలుగేళ్ల వయస్సులోనే తండ్రి మరణించగా పెదతండ్రి వెంకటరత్నంగారు పెంచి పెద్దచేశారు. బాల్యం నుండి ఊపిరికి సంబంధించిన జబ్బు ఆయనను వదలలేదు. జీవితాంతం ఊళ్లు తిరిగి, వాదాలు చేసి, రాత్రింబవళ్లు వ్రాసిన మనిషి నిండు ఆరోగ్యం అనేది ఎరుగడని తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1861లో, తన పదమూడవ యేట, బాపమ్మ అనే బాలికను వివాహమాడారు. ఆమెయే తరువాతి కాలంలో రాజ్యలక్ష్మమ్మగారుగా ప్రసిద్ధి పొందారు. బాల్యవివాహాలను జీవితమంతా ఖండించినవారిది కూడ బాల్యవివాహమే!

యౌవనంలో ఆయన పక్కా సంప్రదాయ కవి. అచ్చ తెలుగు పదాలే వాడుతూ, పెదవులు తగిలే అక్షరమేదీ రాకుండా, నడుమ వచనమన్నది లేకుండా ఒక నలచరిత్ర వ్రాశారు. ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము’ అన్న దాని పేరును ఒక్క గుక్కలో పలకడమే కష్టం. పండితులు మెచ్చుకొన్నారు. అటువంటి కావ్యం వ్రాసిన చేయి కొద్ది సంవత్సరాలలోనే కోర్టు ఆవరణలో వకీళ్లు, కక్షిదారులు మాట్లాడుకొనే మాటలను ఉన్నవి ఉన్నట్లుగా కాగితంపై పెట్టింది. పండితుల మెప్పు కోసం వ్రాయడం మానుకొని, చదవగలిగిన ప్రతివాని కోసం వ్రాయాలని నిశ్చయించుకొనడమే ఈ మార్పునకు మూలం. నిరోష్ఠ్య నైషధాన్ని ఈనాడు చదివేవారు అరుదు.

ఆయన వృత్తి ఉపాధ్యాయత్వం. కోరంగిలోని ఇంగ్లీషు పాఠశాలలోను, తరువాత ధవళేశ్వరంలోను ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. 1874లో ధవళేశ్వరంలో బాలికల కొరకు పాఠశాల నెలకొల్పారు. ఆడపిల్లకు అక్షరం నేర్పితే అరిష్టమని నమ్మే కాలమది. అదే సంవత్సరం అక్టోబరులో ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించారు. మొదట అది చెన్నపట్నంలో అచ్చయి వచ్చేది. ధవళేశ్వరంలో వ్రాసిన మాట చెన్నపట్నం వెళ్లి అచ్చయి తిరిగి రావలసి రావడం పట్టుదల గల సంపాదకునికి కంటకమే. తరువాత రాజమహేంద్రవరంలోనే సొంత ముద్రణాలయం ఏర్పడింది. బడిపంతులు జీతంతో పత్రికనూ అచ్చుకూటాన్నీ పోషించడమంటే ఏమిటో, ఏనాడైనా పాఠశాల పత్రికకు చందాలు వసూలు చేసినవారు ఊహించుకోగలరు.

వివేకవర్ధని భాషాభివృద్ధికి, దేశాభివృద్ధికి అని బయలుదేరింది గాని, త్వరలోనే అది గోదావరి మండలంలోని ఉద్యోగులకు, వకీళ్లకు, పురపాలక సంఘపు పెద్దలకు కంటిలో నలుసయింది. న్యాయస్థానాలలో లంచాలు చేతులు మారే తీరు, డబ్బుకు దొరికే కూటసాక్షులు, తప్పుడు పత్రాల సృష్టి, దేవాలయాల పేరిట జరిగే అక్రమాలు అందులో బయటపడసాగాయి. అంతకుముందు ఈ సంగతులు ఎవరికీ తెలియనివి కావు. అందరూ అరుగులపై కూర్చొని చెప్పుకొనేవే. అరుగు మీది మాట అచ్చులోకి ఎక్కడమే కొత్త. ఆనాటి మునసబుకు, ప్లీడరుకు గల పలుకుబడిని ఈనాటి కొలమానంతో కొలవరాదు. ఒక ఊరి భూములన్నీ వారి కలం కదలికపై ఆధారపడి ఉండేవి. అటువంటివారిని ఒక బడిపంతులు వారం వారం ప్రశ్నిస్తుంటే ఊరు రెండుగా చీలిపోయింది.

ఇక్కడనే పంతులుగారికి ఒక చిక్కు ఎదురయింది. పేరు పెట్టి వ్రాస్తే పరువునష్టం అంటారు, రుజువు అడుగుతారు. పేరు పెట్టకుండా నీతి చెబితే అది తమను గురించి కాదని ప్రతివాడూ తప్పుకొంటాడు. ఈ రెంటికీ నడుమ ఉన్న దారి హాస్యం. 1876లో వివేకవర్ధనికి అనుబంధంగా ‘హాస్యసంజీవని’ వెలువడింది. తెలుగులో హాస్యానికే ప్రత్యేకించిన తొలి పత్రికగా దానిని పేర్కొంటారు. స్త్రీవిద్యను వ్యతిరేకిస్తూ ‘ఆంధ్రభాషా సంజీవని’ నడిపిన కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు దీనికి ఎదురుగా ‘హాస్యవర్ధని’ని నిలబెట్టారు. ఇద్దరూ పండితులే, ఇద్దరూ మొండివారే. ఆ వాగ్యుద్ధం వలన పాఠకులకు వినోదం కలిగింది. తెలుగు వచనానికి పదునూ వచ్చింది.

హాస్యసంజీవనిలో వెలువడిన ‘బ్రాహ్మ వివాహము’ అనే ప్రహసనాన్ని జనం పెద్దయ్యగారి పెళ్లి అని పిలుచుకొన్నారు. ముసలి వరునికి పసిపిల్లను కట్టబెట్టే ఆచారంపై వ్రాసినదది. పెద్దయ్యగారు కల్పిత పాత్ర. కాని తమ ఊరిలో ఒక పెద్దయ్యగారు లేరని చెప్పగలిగిన పాఠకుడు ఆనాడు ఉండి ఉండడు. ‘వ్యవహార ధర్మబోధిని’ ఇంకొక మెట్టు పైకి వెళ్లింది. జనం వాడుకలో అది ప్లీడరు నాటకం. వ్యాజ్యం అనే ఊబిలోనికి దిగిన పల్లెటూరివాడు, అతనిని ఇంకా లోనికి లాగే వకీలు, వల్లెవేసుకొని వచ్చి చెప్పే సాక్షి ఇందులో కనిపిస్తారు. ఎవరి నోట వారి మాటే వినిపిస్తుంది. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరం వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్లగా, వారు విడిచిన పాకలోనే పంతులుగారు తమ విద్యార్థులచేత ఈ నాటకాన్ని ఆడించారు. ఆధునిక తెలుగు రంగస్థలానికి దీనితోనే ఆరంభమని చరిత్రకారులు లెక్క కడుతున్నారు. ఆనాటి రంగస్థలంపై నిలబడినవారు బడిపిల్లలన్న సంగతిని ఒక పాఠశాల సంచికలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

1878 నుండి వివేకవర్ధనిలో ‘రాజశేఖర చరిత్రము’ వెలువడసాగింది. 1880లో పుస్తకంగా వచ్చింది. దానికి ‘వివేకచంద్రిక’ అని మరొక పేరు. ఇంగ్లీషులో గోల్డ్‌స్మిత్ వ్రాసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ అనువదింపబోయి, అది మన దేశానికి పొసగదని విడిచిపెట్టి, ఆ కథాసూత్రాన్ని మాత్రం తీసుకొని తమదైన కథను అల్లారు. కథ నడిచేది ధవళేశ్వరంలో. గోదావరి, కొండ, గుడి, పెద్దాపురం సంస్థానం అన్నీ పాఠకుడు కన్నులారా చూసినవే. ఆ నిజమైన వీధులలో కల్పితుడైన రాజశేఖరుడు నడుస్తాడు. ముఖస్తుతికి ఉబ్బిపోయి, బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి సర్వం పోగొట్టుకొంటాడు. సంపద ఉన్నంతకాలం చుట్టూ మూగిన బంధువులు ఒక్కొక్కరే జారుకొంటారు. ఊరు నిజమైనది కాబట్టి మనుషులూ నిజమైనవారే అనిపిస్తుంది. కల్పనను నమ్మించే రహస్యం పంతులుగారికి పట్టుబడినది ఇక్కడనే.

1887లో హచిన్సన్ అనే ఆంగ్లేయుడు ఈ గ్రంథాన్ని అనువదించగా లండనులో అచ్చయింది. తెలుగుదేశంలో మాత్రం కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు దీనిని నిశితంగా విమర్శించారు. పంతులుగారు వచన ప్రబంధమని పిలుచుకొన్న ఈ ప్రక్రియకు నవల అన్న పేరు వ్యాప్తిలోకి రావడానికి ఆ విమర్శ కూడ తోడ్పడింది. ప్రతిపక్షి చేసిన ఉపకారమది.

ఈ గ్రంథానికి తొలి తెలుగు నవల అన్న గౌరవాన్ని ఇవ్వడంలో అభిప్రాయభేదాలున్నాయి. నరహరి గోపాలకృష్ణమచెట్టిగారి ‘శ్రీరంగరాజ చరిత్రము’ 1872లోనే వచ్చింది. తెలుగు వచనానికి తానే దారి వేసినట్లు పంతులుగారు భావించుకొనడమూ పూర్తిగా సరికాదు. మధుర నాయకరాజుల కాలంలోనే, సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో వ్రాశాడు. గోదావరికి ఇన్ని ఆమడల దూరాన, వైగై ఒడ్డున తెలుగు వచనం పండిన కాలమది. వాడిపట్టి, సోళవందాన్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఈ సంగతి తాతముత్తాతల ఆస్తివంటిది. అయితే ఆ వచనం ఆస్థానం కోసం పుట్టింది. పంతులుగారి వచనం చందాదారు కోసం, పల్లెటూరి పాఠకుని కోసం పుట్టింది. ఆ తేడాను మాత్రం ఒప్పుకొనక తప్పదు.

ఇదే కాలంలో తమిళంలోనూ నవల జన్మించింది. మాయవరంలో మునసబుగా పనిచేసిన వేదనాయకం పిళ్లైగారి ‘ప్రతాప ముదలియార్ చరిత్తిరం’ 1879లో వెలువడింది. తెలుగునాట మునసబులపై వ్రాసినవాడు నవలకారుడైతే, తమిళనాట మునసబే నవలకారుడయ్యాడు. వాడిపట్టికి పొరుగుననే ఉన్న వత్తలగుండులో 1872లో జన్మించిన రాజమయ్యరు, ‘వివేకచింతామణి’ పత్రికలో 1893 నుండి ‘కమలాంబాళ్ చరిత్తిరం’ ప్రచురించారు. మధుర సీమలోని పల్లె బ్రతుకును నవ్వుతూ చూపిన పుస్తకమది. అదే సంవత్సరాలలో పంతులుగారు సంపాదకులుగా ఉన్న తెలుగు మాసపత్రిక పేరు ‘చింతామణి’. న్యాపతి సుబ్బారావుగారు 1891లో ప్రారంభించిన ఆ పత్రిక నవలలకు పోటీలు పెట్టి, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి వంటివారిని వెలికితెచ్చింది.

నవలల మాట అటుంచితే, 1880వ దశకంలో పంతులుగారి జీవితమే ఏ నవలకూ తీసిపోని రీతిలో నడిచింది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరంలో గోగులపాటి శ్రీరాములు అనే యువకునికి, గౌరమ్మ అనే బాలవితంతువుకు ఆయన తమ ఇంట వివాహం జరిపించారు. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. పట్టణం భగ్గుమన్నది. విద్యార్థులు కాపలా నిలిచారు. పెళ్లికి వచ్చినవారికి, సహకరించినవారికి వెలి విధించారు. ఇంటిలో వంటవారు మానివేశారు, నీళ్లు మోసేవారు రామన్నారు. రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుండి నీరు మోసి తెచ్చి వచ్చినవారందరికీ వండిపెట్టారు. సభలలో ఆమె ఉపన్యసించలేదు. ఆమె మోసిన బిందెలు లేకపోతే పంతులుగారి ఉపన్యాసాలకు విలువ ఉండేది కాదు. జీవితకాలంలో ఆయన జరిపించిన వితంతు వివాహాలు దాదాపు నలభై అని చెబుతారు.

ఈ పోరాటంలో ఆయనకు ఎదురైన ప్రధానమైన అడ్డంకి దౌర్జన్యం కాదు. శాస్త్రవాదం. వితంతువు బ్రతుకు ఆమె ప్రారబ్ధమని, స్త్రీకి స్వాతంత్ర్యం తగదని, ఇది లోకసహజమని పండితులు వాదించేవారు. పంతులుగారు శ్లోకానికి శ్లోకం చెప్పగల సమర్థులు, చెప్పారు కూడ. అయితే వాదంలో ఓడినవాడు మనస్సు మార్చుకొనడం అరుదు. అన్యాయం చేసేవానికి అది అన్యాయమని కనిపించకపోవడమే అసలు జబ్బు. దానిని చూపించాలంటే అద్దం తిరగవేసి పట్టుకోవాలి.

అప్పటికి దేశంలో వాతావరణం కూడ అందుకు అనువుగా వేడెక్కి ఉన్నది. బొంబాయిలో రఖ్మాబాయి అనే విద్యావంతురాలు, బాల్యంలో తనకు కట్టబెట్టిన భర్తతో కాపురం చేయనని నిరాకరించిన వ్యాజ్యం 1884 నుండి 1888 వరకు నడిచి దేశాన్ని కుదిపింది. 1891లో ప్రభుత్వం బాలికల సమ్మతి వయస్సును పది నుండి పన్నెండు సంవత్సరాలకు పెంచుతూ చట్టం చేసింది. ఆ రెండేళ్ల పెంపునకే సనాతనులు ధర్మం మునిగిపోయిందని గగ్గోలు పెట్టారు. అదే 1891లో మదరాసు ప్రభుత్వం మలబారు వివాహ పద్ధతులపై విచారణ సంఘాన్ని నియమించింది. ఆడవారి పరంగా వంశమూ ఆస్తీ సంక్రమించే మరుమక్కత్తాయం అక్కడ ఆచారం. ఆ సంవత్సరమే సత్యరాజు యాత్రల మొదటి భాగం వెలువడింది. దానికి పేరు ‘ఆదిమలయాళము’!

మలయాళం పేరు చెబితే తెలుగు పల్లెల్లో మంత్రగాళ్లు, స్త్రీల రాజ్యం గుర్తుకురావడం పాతకాలపు మాట. వాడిపట్టికి పడమటి కొండలు దాటితే ఆ దేశమే. సంతలకు, తోటపనులకు, శబరిమలకు పోయివచ్చేవారికి అక్కడ స్త్రీరాజ్యమూ లేదు, మాయలూ లేవని బాగా తెలుసు. గోదావరి తీరవాసికి మాత్రం అది సగం నిజం, సగం పుక్కిటి పురాణం. పంతులుగారికి కావలసినదీ అదే. ఉన్న దేశపు పేరును తీసుకొని, దాని ముందు ఆది అన్న మాట చేర్చి, లేని దేశాన్ని నిర్మించారు. ఆ దేశంలో పరిపాలన ఆడవారిది, చదువు ఆడవారిది, ధర్మశాస్త్రాలకు అర్థం చెప్పే అధికారమూ ఆడవారిదే. పురుషుడు గడప దాటరాదు, చదువరాదు, ఎదురాడరాదు. ఇక్కడ స్త్రీకి విధించిన కట్టుబాట్లన్నీ అక్కడ మగవాని మెడకు చుట్టుకొని ఉంటాయి. భార్య గతించిన మగవాని బ్రతుకు అక్కడ దుర్భరం. ఇదంతా శాస్త్రసమ్మతమే, ప్రకృతి సహజమే, పురుషుల మేలు కోరి ఏర్పరచినదే అని ఆ దేశపు విదుషీమణులు గంభీరంగా వివరిస్తారు.

చదివే మగవానికి మొదట నవ్వు వస్తుంది. కొంతదూరం పోయాక, ఆ విదుషీమణుల వాదం తనకు చిరపరిచితమైనదేనని తట్టుతుంది. నిన్న సాయంత్రం తన అరుగు మీద తానే చెప్పినదది. కర్త మారింది, కర్మ మారింది, వాక్యం మాత్రం అదే. ఒక్క వ్యక్తి పేరు కూడ చెప్పకుండా ఒక సమాజాన్నంతటినీ ముద్దాయిగా నిలబెట్టడమంటే ఇదే. పరువునష్టం దావా వేయడానికి వాది దొరకడు. వేసినవాడు తానే ఆదిమలయాళపు పండితుడనని ఒప్పుకొన్నట్లవుతుంది. యాత్రికుని పేరు సత్యరాజు కావడంలోని చమత్కారాన్ని వేరుగా విప్పనక్కరలేదు.

ఈ రచనకు స్ఫూర్తి ఐర్లండుకు చెందిన జోనాథన్ స్విఫ్ట్. ఆయన డబ్లిన్‌లోని సెయింట్ పాట్రిక్ దేవాలయంలో మతాధిపతి. 1724లో ఐర్లండు ప్రజలపై రుద్దబోయిన రాగి నాణేలకు వ్యతిరేకంగా ఒక బట్టల వర్తకుని పేరుతో లేఖలు అచ్చు వేశాడు. వ్రాసినవానిని పట్టి ఇచ్చినవారికి 300 పౌనుల బహుమానం ప్రకటించారు. వ్రాసినదెవరో డబ్లిన్‌లో అందరికీ తెలిసినా చెప్పినవారు లేరు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ నాణేలను ఉపసంహరించుకొన్నది. 1726లో వచ్చిన గలివరు యాత్రలపైనా స్విఫ్ట్ పేరు లేదు. లేని ద్వీపాలకు పటాలు గీసి, నావికుడే స్వయంగా వ్రాసినట్లుగా అచ్చు వేశారు. ఎత్తు మడమల చెప్పులవారు, పొట్టి మడమల చెప్పులవారు అన్న లిల్లిపుట్టు పక్షాలు లండనులోని రెండు రాజకీయ పక్షాలే. తాడుపై గంతులు వేసి మంత్రిపదవి నిలుపుకొనే ఫ్లిమ్నాపు ఆనాటి ప్రధానమంత్రి వాల్పోలేనని పాఠకులు గుర్తుపట్టారు. పిల్లలకు చెప్పే పొట్టి మనుషుల కథగా మిగిలిపోయిన ఆ పుస్తకం, పుట్టినప్పుడు నిప్పువంటిది.

పంతులుగారు స్విఫ్ట్‌ను అనుకరించారని తేల్చివేసేవారున్నారు. రెండవ భాగమైన ‘లంకాద్వీపము’ విషయంలో ఆ మాట కొంత నిజం. అక్కడి మహాకాయులు, వారి నడుమ చీమవలె మిగిలిన సత్యరాజు గలివరును గుర్తుకు తెస్తారు. మూఢ విశ్వాసాలపై వేసిన చురకలు మనవే అయినా, కథ మాటిమాటికీ ఆగి ఉపన్యాసమవుతుంది. పంతులుగారిలోని ఉపాధ్యాయుడు కథకుని భుజం తట్టి పక్కకు జరుపుతుంటాడు. మొదటి భాగానికి ఆ దోషం అంతగా అంటలేదు. ఆదిమలయాళం గలివరు చూసిన దేశాలలో లేదు. స్విఫ్ట్ రాజసభను ఎగతాళి చేశాడు. పంతులుగారు ఇంటిలోని రాజ్యాన్ని ఎగతాళి చేశారు. పడకటింటిలోను వంటింటిలోను నడిచే పరిపాలన కూడ రాజకీయమేనని ఆయన చూడగలగడం ఆ కాలానికి చిన్న విషయం కాదు. పుస్తకంలోని ఒక లోపాన్ని కూడ చెప్పుకోవాలి. స్త్రీల పెత్తనాన్ని నవ్వులాటగా చూపడంలో, సామాన్య పాఠకుడు స్త్రీకి అధికారం ఇస్తే ఇట్లాగే ఉంటుందని వెనుదిరిగి పోయే ప్రమాదం ఉన్నది. వ్యంగ్యం వ్రాసే ప్రతివాడూ ఎదుర్కొనే ప్రమాదమే అది.

ఆయన వ్యంగ్యానికి ఒక ఎల్ల ఉండేది. అది ఊరి పెద్దలను, పీఠాధిపతులను, వకీళ్లను, ఇంటి యజమానులను తాకింది. సింహాసనాన్ని తాకలేదు. 1893లో ఆంగ్ల ప్రభుత్వం ఆయనకు రావు బహద్దరు బిరుదు ఇచ్చింది. పరాయి పాలన నీడలో ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలన్నది ఆయన నమ్మకం. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి వందేమాతర నినాదంతో పట్టణాన్ని ఊపివేసినప్పుడు, యువతరం ఆయనను దాటి ముందుకు సాగింది. వారిలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, 1908లో తిరునల్వేలిలో జరిగిన కాల్పులను నిరసిస్తూ ‘స్వరాజ్య’ పత్రికలో వెలువడిన వ్యాసానికి కారాగారం పాలయ్యారు. దక్షిణాన పేలిన తుపాకికి కృష్ణాతీరంలోని తెలుగు పత్రిక బదులు పలికింది. ఆ బదులు పలకడానికి అవసరమైన వాడి గల తెలుగు వచనాన్ని మూడు దశాబ్దాలుగా సానబెట్టినది మాత్రం పంతులుగారి పత్రికలే.

వ్యంగ్యం ఆయన తరువాత అనేక రూపాలు ధరించింది. చిలకమర్తివారి ‘గణపతి’, మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశం’ చదివి నవ్వని తెలుగువారుండరు. స్వాతంత్ర్యానంతరం రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు విశాఖపట్నపు కోర్టులను, పోలీసులను, నాయకులను కథలలోకి దింపినప్పుడు, ప్లీడరు నాటకం నాటి కూటసాక్షులే కొత్త దుస్తులలో కనిపించారు.

పంతులుగారికి చెన్నపట్నంతో గట్టి అనుబంధం ఉన్నది. 1898లో అక్కడ జరిగిన సంఘసంస్కరణ మహాసభకు అధ్యక్షత వహించారు. 1899 నుండి 1904 వరకు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు. తమిళదేశంలో తెలుగు చెప్పిన ఉపాధ్యాయుల వరుసలో ఆయనకూ స్థానమున్నది. తిరిగి వచ్చాక 1906లో రాజమహేంద్రవరంలో హితకారిణీ సమాజాన్ని స్థాపించి, యావదాస్తినీ దానికి వ్రాసి ఇచ్చారు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూశారు. ఆమె లేని తొమ్మిదేళ్లు ఆయన ఒంటరిగా గడిపారు. ఆ కాలంలోనే స్వీయచరిత్రను పూర్తి చేశారు, ఆంధ్రకవుల చరిత్రను సవరించి పెంచే పనిలో మునిగారు.

చివరి మలుపు మరీ విశేషమైనది. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషను గ్రంథాలలోకి, బడులలోకి తేవాలని ఉద్యమిస్తుండగా, 1919లో ఏర్పడిన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజానికి వీరేశలింగంగారు అధ్యక్షులయ్యారు. అచ్చ తెలుగులో నిరోష్ఠ్య కావ్యం వ్రాసిన కవి, డెబ్బై ఏళ్లు దాటిన వయస్సులో, ఇంటిలో మాట్లాడే తెలుగు పక్షాన నిలిచారు. పుస్తకం తెలుగు ఒకటి, ఇంటి తెలుగు వేరొకటిగా పెరిగిన దక్షిణదేశపు తెలుగు పిల్లలకు ఆ నిర్ణయం విలువ వివరించి చెప్పనక్కరలేదు. కొన్ని నెలలకే, 1919 మే 27వ తేదీన, చెన్నపట్నంలో ఆయన కన్నుమూశారు. అప్పటికి కవుల చరిత్ర సవరణ పని ఇంకా సాగుతూనే ఉన్నది.